ఏ గారు, జెడ్ గారు, ఇంటి చెట్టు

నేను లా పుస్తకాలు అమ్ముతాను. షాపు విజయవాడలో ఉంది గానీ నా ఉద్యోగం అంతా బండి మీదే. గన్నవరం, నూజివీడు, తిరువూరు, ఏలూరు కోర్టులు తిరిగి లాయర్ల చేత పుస్తకాలు కొనిపించాలి. నా పేరు రవికిరణ్. తల సగం నెరిసినా లాయర్లకి మాత్రం నేను ఇంకా "పుస్తకాలబ్బాయ్"నే.

ఇన్నేళ్ళు తిరిగాక బీరువా చూస్తే చాలు, లాయరు ఎలాంటివాడో చెప్పగలను. కొందరు అట్ట రంగు చూసి కొంటారు. ఒకాయనైతే పై అర ఖాళీగా ఉంది, దానికి సరిపోయే మందంలో క్రిమినల్ లా ఏమైనా ఉందా అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా అమ్మాను. ఆ పుస్తకాల పేజీలు ఇప్పటికీ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి, పందెం కాస్తాను.

భాగ్యవతి గారి బీరువా అలాంటిది కాదు. నూజివీడులో కోర్టుకి దగ్గర్లోనే, ఎరువుల కొట్టు మీద మేడ గదిలో ఆవిడ ఆఫీసు. అందులో కుదురుగా నిలబడ్డ పుస్తకం ఒక్కటి ఉండదు. అట్టలు ఊడితే ఆవిడే దబ్బనంతో కుట్టుకుంటారు. దొంగతనం, మోసం, కొట్లాట చాప్టర్లు తిరగేసి తిరగేసి అంచులు నల్లబడిపోయాయి. పుస్తకాలు అమ్మేవాడికి అలాంటి పుస్తకం చూస్తే కలిగే సంతోషం ఏంటో చెప్పినా మీకు అర్థం కాదు.

ఆవిడ చదివే తీరు కూడా వేరు. చట్టంలో సెక్షన్ల కింద చిన్న చిన్న ఉదాహరణలు ఉంటాయి. వాటిలో ఎక్కువగా కనిపించేది ఇద్దరే, ఏ, జెడ్. ఏ అనేవాడు జెడ్ ఉంగరం తీస్తాడు, జెడ్ ఎద్దుని తోలుకుపోతాడు, జెడ్ కుక్కని మచ్చిక చేసుకుంటాడు. నూటయాభై ఏళ్ళకి పైగా జెడ్‌ని కాల్చుకు తింటున్నాడు. మిగతా లాయర్లు ఈ ఉదాహరణలు చిన్నపిల్లల కోసమని దాటేస్తారు. భాగ్యవతి గారు ముందు అవే చదువుతారు. పెన్సిలుతో ఏ పక్కన, జెడ్ పక్కన మన చుట్టుపక్కల పేర్లు రాసుకుంటారు. క్లయింటుకి చట్టం చెప్పాల్సి వచ్చినా "ఏ గారని ఒకాయన ఉన్నాడనుకో" అని కథలా మొదలుపెడతారు. చదువు రానివాళ్ళకి కూడా అది ఎక్కుతుంది.

కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చిన ఏడాది మాకు పండగే. పాత పీనల్ కోడ్ పోయింది, సెక్షన్ల నంబర్లన్నీ మారిపోయాయి. కొనని లాయరు లేడు. బార్ రూములో చాలామంది పాత పుస్తకాలు తూకానికి వేసేశారు. మామిడి సీజన్ వచ్చేసరికి ఆ కాగితాలు మార్కెట్టులో తేలాయి. హత్యకీ, హత్య కాని నరహత్యకీ తేడా వివరించే పేజీ మీద బంగినపల్లి కాయలు పడుకోబెట్టి ఉండటం నా కళ్ళతో చూశాను. కొత్తవి అమ్ముకుని బతికేవాణ్ణి నేనే అయినా, ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

భాగ్యవతి గారు కొత్తవీ కొన్నారు, పాతవీ ఉంచుకున్నారు. ముఖ్యంగా ఎర్ర అట్టలున్న రెండు సంపుటాల పాత వ్యాఖ్యానం. దాంట్లో ప్రతి సెక్షన్ పక్కనా కొత్త నంబరు వేసుకున్నారు. ఎందుకండీ ఈ శ్రమ అంటే, "ఇంటి నంబరు మార్చారయ్యా, లోపల కాపురం చేస్తున్నది వాళ్ళే" అన్నారు.

ఆ మాటకి అర్థం నాకు షీబా కేసులో తెలిసింది.

ఒకరోజు కొత్త పుస్తకం ఇద్దామని వెళ్తే ఆఫీసులో తల్లీకూతుళ్ళు కూర్చుని ఉన్నారు. తల్లి ఇన్నమ్మ, కూతురు షీబా. ముసునూరు దగ్గర వాళ్ళకి కొద్దిపాటి మామిడి తోట ఉంది. షీబా టీచరు ఉద్యోగం కోసం డీఎస్సీ రాసింది, మార్కులు బాగా వస్తాయని నమ్మకంగా ఉంది. ఇప్పుడు ఆ అమ్మాయి మీద దొంగతనం కేసు. తన తోటలో తను మామిడికాయలు కోసుకున్నందుకు.

ఇది అర్థం కావాలంటే మా వైపు పద్ధతి తెలియాలి. పూత మీద ఉండగానే రైతు తోట కాపు మొత్తం వ్యాపారికి అమ్మేస్తాడు. అప్పటినుంచి మందు కొట్టించడం, కాపలా, కోత అన్నీ వ్యాపారివే. కాయ రైతుది కాదు. అయితే ప్రతి తోటలోనూ ఒక చెట్టు మాత్రం రైతు కుటుంబం తినడానికి వదిలేస్తారు. దాన్ని ఇంటి చెట్టు అంటారు. చాలాచోట్ల అది చిన్నరసాల చెట్టే. వ్యాపారి కూలీలు దాని జోలికి పోరు. ఇదేదీ ఎవరూ కాగితం మీద రాయరు, రాయాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాదు.

ఇన్నమ్మ తోట ఏటా కొనేది నూజివీడు వ్యాపారి దశరథరామయ్య గారు. ఆ ఏడాది ఆయన కంటి ఆపరేషన్ చేయించుకుని హైదరాబాదులో ఉండిపోవడంతో కొడుకు కార్తీక్ తోటలు కొన్నాడు. ఎంబీయే చదివాడు. చెడ్డ కుర్రాడు కాదు గానీ పద్ధతిగా ఉండాలన్న పిచ్చి కాస్త ఎక్కువ. అందరు రైతులకీ ఒకే అగ్రిమెంటు ప్రింటు తీయించాడు. అందులో "తోటలోని సమస్త ఫలసాయం" అని ఉంది. ఇన్నమ్మ వేలిముద్ర వేసింది.

వేసవిలో తల్లీకూతుళ్ళు ఎప్పటిలాగే ఇంటి చెట్టు కాయలు రెండు ట్రేలు కోసి, చర్చి ఫాదర్ గారికీ చుట్టాలకీ పంపుదామని పట్టపగలు ఆటోలో వేయించారు. తోటల్లో కాయలు పోతున్నాయని కార్తీక్ అప్పటికే మండిపోతున్నాడు. కాపలావాడు ఫోనులో ఫోటో తీసి పంపాడు. కార్తీక్ వచ్చి అడిగితే షీబా తగ్గలేదు. మా చెట్టు కోసుకోవడానికి నీ పర్మిషన్ ఏంటంది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అతను స్టేషనుకి వెళ్ళాడు. ఇంత తక్కువ విలువకి కోర్టు అనుమతి లేకుండా కేసు కట్టకూడదు, పోలీసులు అది తెచ్చుకుని మరీ కట్టారు.

బార్ రూములో ఈ కేసు పెద్ద చర్చ అయిపోయింది. జయకర్ అని ఒక లాయరు ఉన్నాడు, కొత్త చట్టం మొత్తం ఫోనులో పెట్టుకుని తిరుగుతుంటాడు. చిన్న దొంగతనం, మొదటిసారి అయితే జైలు లేదు, కాయల విలువ కట్టేసి సమాజ సేవ చేస్తే చాలని కొత్త సెక్షన్ చెబుతోంది. ఒప్పేసుకోమని అతను షీబాకి సలహా ఇచ్చాడు. తాలూకాలో మొదటి సమాజ సేవ శిక్ష ఇదే అవుతుందని అతనికి మహా ఉబలాటంగా ఉంది.

షీబా భాగ్యవతి గారితో అదే అంది. విసిగిపోయి ఉంది పాపం. రెండు రోజులు ఆస్పత్రి ఊడిస్తే పోతుందట కదా మేడం, ఒప్పేసుకుంటాను అంది.

భాగ్యవతి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఊడవడం తప్పు కాదమ్మాయ్. చెయ్యని దొంగతనానికి ఊడవకూడదు. సమాజ సేవ అని పేరు బాగుందని మోసపోకు. అది శిక్షల వరసలో రాసి ఉంది. ఒప్పుకున్నావంటే నువ్వు శిక్ష పడ్డ దొంగవి. రేపు ఉద్యోగమొస్తే పోలీసు వెరిఫికేషన్‌లో మొదట చూసేది అదే."

షీబా ఇక ఒప్పుకుంటాననలేదు. అంతమంది లాయర్లు ఆ సెక్షన్ ఎంత దయగలదో చెప్పారు గానీ, అది శిక్ష అన్న సంగతి ఒక్కరూ చెప్పలేదు.

తర్వాతి నెల నేను వెళ్ళేసరికి దశరథరామయ్య గారు స్వయంగా ఆఫీసుకి వచ్చి కూర్చున్నారు. నల్ల కళ్ళద్దాలు, తెల్ల పంచె. కొడుకు చేసిన పనికి ఆయన సిగ్గుపడుతున్నారు. లోక్ అదాలత్‌లో రాజీ పడదామండీ, మావాడి చేత సంతకం నేను పెట్టిస్తాను, ఇన్నమ్మకి నా మొహం ఎలా చూపించను అన్నారు. నేనైతే ఎగిరి గంతేసేవాణ్ణి. భాగ్యవతి గారు వద్దన్నారు.

"రాజీ అంటే ఏదో జరిగింది, సర్దుకున్నారు అనే కదండీ అర్థం? సెలక్షన్ వాళ్ళు కాగితం చూసి అలాగే అనుకుంటారు. ఏమీ జరగలేదని కోర్టు రాయాలి నాకు. అగ్రిమెంటు మీ సంస్థదని పోలీసులు మిమ్మల్నీ సాక్షిగా వేశారు కదా, బోనెక్కి ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

"కొడుకు పెట్టిన కేసులో తండ్రి వెళ్ళి కొడుకుది తప్పని చెప్పడమా అమ్మా? మార్కెట్టులో మాకూ ఒక పరువుంది" అన్నారాయన.

బలవంతం లేదండీ అన్నారు భాగ్యవతి గారు. ఆయన ఏ మాటా ఇవ్వకుండానే మెట్లు దిగి వెళ్ళిపోయారు. షీబాకి ఏడుపొచ్చేసింది. చేతికొచ్చిన రాజీ ఎందుకు వదిలేశారు మేడం, ఆయన వచ్చి తెలియదు గుర్తులేదు అంటే నా గతేంటని గట్టిగానే అడిగింది. అడగడం న్యాయమే. ఉద్యోగం ఆ అమ్మాయిది గానీ లాయరుది కాదు కదా. నాకూ లోపల బెదురుగానే ఉంది. భాగ్యవతి గారు కోప్పడలేదు. ఇంకా గడువుంది, నీకు నమ్మకం లేకపోతే రాజీకే పోదాం, ఆలోచించుకుని రామ్మా అన్నారు. తెల్లారి షీబా వచ్చి కేసు నడపండి అంది.

విచారణ రోజు నాకు నూజివీడులో పనేం లేదు. హనుమాన్ జంక్షన్‌లో ఒక లాయరుకి పుస్తకాలు ఇచ్చి, అటు నుంచి అటే నూజివీడు వచ్చి కోర్టు హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ వేళ ఎవరొచ్చి లేపినా నేను అక్కణ్ణించి లేచేవాణ్ణి కాదు.

మెజిస్ట్రేట్ గారు కొత్తగా వచ్చిన యువకుడు, అనంతపురం వైపు మనిషి. ప్రభుత్వ లాయరు గారు చాలా నేర్పుగా మొదలుపెట్టారు. ఆయనా ఒక ఉదాహరణే పట్టుకొచ్చారు. ఏ తన గడియారాన్ని జెడ్‌కి రిపేరుకిచ్చాడు. కూలీ బాకీ ఉండటంతో జెడ్ దాన్ని న్యాయంగానే తన దగ్గర అట్టే పెట్టుకున్నాడు. ఏ అనేవాడు వచ్చి ఆ గడియారం లాక్కుపోయాడు. గడియారం ఏ గారిదే అయినా సరే అది దొంగతనమే. అలాగే తోట ఇన్నమ్మది అయినా కాయలు వ్యాపారి స్వాధీనంలో ఉన్నాయి, కాబట్టి కోయడం దొంగతనమే. ఇన్నాళ్ళూ భాగ్యవతి గారి మనుషులనుకున్న ఏ, జెడ్ ఇద్దరూ ఎదటి పక్షంలో చేరిపోయారు.

తర్వాత దశరథరామయ్య గారు బోనెక్కారు. అగ్రిమెంటు చూపించి ఇది మీ సంస్థదేనా అంటే మాదేనండి అన్నారు. సమస్త ఫలసాయం అని ఉందా అంటే ఉందండి అన్నారు. ప్రభుత్వ లాయరు గారు కూర్చున్నారు. కార్తీక్ తండ్రి వైపే చూస్తున్నాడు.

భాగ్యవతి గారు చేతిలో ఏ కాగితమూ లేకుండా లేచారు. ఇన్నమ్మ గారి తోటలో పాక పక్కన ఒక రసాల చెట్టు ఉంది, ఇన్నేళ్ళలో మీ కూలీలు దాని కాయలు ఎప్పుడైనా కోశారా అని అడిగారు.

ఆయన కొడుకు వైపు చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. తెలియదనేస్తే ఆయన పరువు నిలుస్తుంది, కొడుకు పరువూ నిలుస్తుంది. ఎవరూ తప్పుపట్టరు. కోర్టుల్లో రోజూ జరిగేదే.

"లేదండి" అన్నారు.

"ఎందుకని?"

"అది ఇంటి చెట్టండి."

మెజిస్ట్రేట్ గారు రాయడం ఆపి తలెత్తారు. ఇంటి చెట్టు అంటే ఏంటని అడిగారు. ఆయనకి నిజంగానే తెలియదు. దశరథరామయ్య గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తోటంతా మేం కొనేస్తామండి. మరి రైతు ఇంట్లో పిల్లలు వేసవిలో కాయ తినొద్దాండి? అందుకని ఒక చెట్టు వదులుతాం. మా నాన్నగారూ వదిలారు, నేనూ వదిలాను. పిలిచి అన్నం పెట్టేటప్పుడు కాగితాలు రాసుకోం కదండి, ఇదీ అంతే. ఈ ఏడాది మావాడు అన్నీ రాతలో పెట్టాడు. వాడికి ఈ సంగతి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఈ అమ్మాయి కోసుకున్నవి వాళ్ళ కాయలేనండి."

కార్తీక్ తల దించుకున్నాడు. నాకు ఆ పెద్దాయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది.

ప్రభుత్వ లాయరు గారు పట్టు వదల్లేదు. ఆనవాయితీ ఏదైనా రాత రాతే, గడియారం ఉదాహరణ అలాగే ఉందన్నారు. అప్పుడు భాగ్యవతి గారు అదే సెక్షన్ కింద ఇంకో ఉదాహరణ చదివారు. జెడ్ వస్తువు తనదేనని మనస్ఫూర్తిగా నమ్మి ఏ గారు తీసుకుంటే, దురుద్దేశం లేదు కాబట్టి అది దొంగతనం కాదు. గడియారం కథలో ఏ గారికి జెడ్ హక్కు తెలుసు, తెలిసీ లాక్కున్నాడు. షీబాకి ఆ చెట్టు మీద ఇంకొకరికి హక్కుందన్న ఊహే లేదు. తేడా అంతా ఏ గారి మనసులో ఉంది తప్ప అగ్రిమెంటులో లేదన్నారు.

దీని మీద తీర్పులేమైనా ఉన్నాయా అని మెజిస్ట్రేట్ గారు అడిగారు. కొత్త పుస్తకాల్లో ఎక్కడుంటాయి? నేనమ్మినవే, నాకు తెలుసు. సెక్షన్ కింద నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నవే అన్నీ. భాగ్యవతి గారు సంచిలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీశారు.

ప్రభుత్వ లాయరు గారు వెంటనే లేచారు. అది రద్దయిపోయిన చట్టం మీద పుస్తకం అన్నారు.

"చట్టం రద్దయిందండి. ఈ వాక్యం రద్దు కాలేదు" అని, ఆవిడ పాతదీ కొత్తదీ పక్కపక్కన తెరిచి బల్ల మీద పెట్టారు.

మెజిస్ట్రేట్ గారు ఒక వేలు దాని మీద, ఒక వేలు దీని మీద పెట్టి చదువుకుంటూ పోయారు. నంబరు తప్ప అసలు విషయంలో ఏమీ మారలేదు. తర్వాత ఎర్ర పుస్తకంలో కింద సన్నక్షరాల్లో ఉన్న తీర్పులకి వచ్చారు. చెరువులో చేపలు పట్టినవాడి కేసు, తాటిచెట్టు కొట్టినవాడి కేసు, ఎవరెవరో ఎప్పుడో పడ్డ తగాదాలు. హక్కు ఉందన్న నమ్మకం పొరపాటే అయినా, నిజాయితీతో కూడినదైతే దొంగతనం కాదని అన్నిట్లోనూ అదే మాట. మార్కెట్టులో మామిడికాయల కింద పరిచింది ఇలాంటి పేజీలనేనని గుర్తొచ్చి నాకు మళ్ళీ కడుపు మండింది. దాంతోపాటే, ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఉత్త కాగితం కాదని మొదటిసారి గర్వంగా కూడా అనిపించింది.

సరే, సందేహ లాభం కింద పరిశీలిస్తాను అన్నారు మెజిస్ట్రేట్ గారు. షీబా ఊపిరి పీల్చుకుంది. కేసు గెలిచినట్టే. భాగ్యవతి గారు మాత్రం కూర్చోలేదు.

"సందేహ లాభం వద్దండి. దొంగతనం చేసిందేమో, రుజువు దొరకలేదు అన్నట్టు ఉంటుంది అది. కాపు కొన్నాయనే ఆ చెట్టు వాళ్ళదని చెప్పారు. ఇందులో సందేహం ఎక్కడుందో చూపిస్తే నేను కూర్చుంటాను. ఈ అమ్మాయి రేపు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పాలండి."

మెజిస్ట్రేట్ గారు తీర్పు వారం వాయిదా వేశారు. ఆ మాట అనకపోయినా బాగుండేదేమో, ఆయనకి కోపం వచ్చిందేమో అని బయట జయకర్ గొణిగాడు. షీబా తల్లిని ఆటో ఎక్కించింది.

తీర్పు రోజుకి కూడా వచ్చాను. షాపులో ఏదో అబద్ధం చెప్పాను లెండి. మెజిస్ట్రేట్ గారు ఒక్క ముక్కలో విడుదల అని చెప్పి తర్వాతి కేసు పిలిచేశారు. ఏ రకం విడుదలో చెప్పలేదు. కాపీ చేతికొచ్చేదాకా మేమంతా వరండాలో నిలబడ్డాం. కొంచెం దూరంలో దశరథరామయ్య గారు, ఆయన వెనక కార్తీక్ నిలబడి ఉన్నారు.

కాపీ వచ్చాక షీబా చదవలేక భాగ్యవతి గారికి ఇచ్చింది. ఆవిడ ఆఖరి పేజీ తిప్పి, ఒక చోట వేలు పెట్టి, మళ్ళీ ఆ అమ్మాయి చేతికే ఇచ్చారు. నేను భుజం మీంచి తొంగి చూశాను. అంతా ఇంగ్లీషు. మధ్యలో ఒక్క మాటకి మాత్రం ఆయనకి ఇంగ్లీషు దొరికినట్టు లేదు, ఇంటి చెట్టు అని ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసుకున్నారు.

"ఏం రాశారే?" అంది ఇన్నమ్మ.

"మనం కోసుకున్నది మన ఇంటి చెట్టు కాయలేనంట అమ్మా. ఇందులో సందేహం లేదంట. అసలు దొంగతనమే జరగలేదంట." అంది షీబా.

ఇన్నమ్మ కూతురి వైపు, ఆ కాగితం వైపు అయోమయంగా చూసింది. "జరగలేదని నేను మొదటి రోజే స్టేషన్లో చెప్పాగా. ఎవరైనా విన్నారా?"

భాగ్యవతి గారు ఆవిడ భుజం మీద చెయ్యేసి, "ఇప్పుడు విన్నారు ఇన్నమ్మా" అన్నారు.

షీబా కళ్ళు తుడుచుకుని, ఆ వాక్యాన్ని మొదటి నుంచి మళ్ళీ, ఈసారి పైకి, వరండాలో అందరికీ వినపడేలా చదివింది.